మన ట్యాంకు పైకి ఎక్కించాను

లిడియా,

నువ్వు మీ అమ్మతో ఆస్పత్రి నుంచి వచ్చేసరికి నేను ఇంట్లో ఉండను. కింది నుంచి ఒక్క చెంబు నీళ్ళు కూడా మోయొద్దు. మన మేడగది పక్కన నేల మీదుండి కుళాయికి నీళ్ళు అందని ట్యాంకును గది మిద్దె పైకి ఎక్కించి, ఇటుక దిమ్మె కట్టి పెట్టించాను. ఇప్పుడు మన కుళాయిలో నీళ్ళు జోరుగా వస్తాయి. పొద్దున అరగంట మోటరు వేస్తే చాలు. మీ అమ్మను వేయమను.

రెండేళ్ళుగా అడిగావు. "ఊరికంతా నీళ్ళు తెస్తాండావు, మన ట్యాంకు ఎత్తేదానికి యాల తీరదప్పా నీకు?" అన్నావు. నవ్వేశాను. పోయిన వారం వీధి ట్యాంకు ఎత్తు చాలదని నీళ్ళ ఆఫీసు ముందు మైకులో అరిచి, ఇంజనీరుకు పాఠం చెప్పాను. అదే పూట నువ్వు ఆరు నెలల కడుపుతో బిందె మోస్తూ మన మెట్ల మీద జారిపడ్డావు. బిడ్డ పోయింది. ఈసారి తిట్టడానికి ఏ ఆఫీసరూ లేడు. తప్పు నాది.

నా మొహం చూడలేనన్నావని మీ అమ్మ చెప్పింది. కలికిరిలో అక్క ఇంట్లో ఉంటాను. నువ్వు పిలిచేదాకా రాను.

జోనాథన్

ఇంకొకటి. పుట్టకముందే పోయిన బిడ్డకు చర్చి సమాధుల పుస్తకంలో పేరు రాసేది లేదన్నారు అయ్యగారు. "రాసేదాకా ఈడ్నుంచి కదల్ను" అని వాకిట్లో కూర్చున్నాను. నువ్వనుకున్న పేరే రాశారు, జెనిఫర్ అని. తల్లి గడిలో నీ పేరుంది. తండ్రి గడి ఖాళీగా ఉంచమన్నాను. నువ్వు సరేనంటేనే రాయిస్తాను.