వాకిట్లో పచ్చ దీపం

కంబదూరు,
14 సెప్టెంబరు 2024.

ఓబులేషన్నకు,

చెల్లెలు హేమలత నమస్కారాలు. ఇక్కడ అమ్మా, నాయనా, నేనూ బాగున్నామని రాయడానికి ఇన్నాళ్లకు ధైర్యం వచ్చింది. బళ్లారిలో నువ్వూ వదినా కుశలమే అనుకుంటాను.

నువ్వు పంపిన రేడియో మాడ్యూల్ పలకల్లో కాలిపోయింది ఒకటి ఈ పార్సిల్లో పెట్టాను. "యాంటెన్నా బిగించకుండా కరెంటు ఇయ్యాకు పాపా" అని నువ్వు ఫోన్లో చెబుతూనే ఉన్నావు. తొందరలో ఇచ్చేశాను.

ఆ తొందర ఎందుకో నీకు తెలుసు. సీతాఫలాలు పండే కాలం, వాటికోసం ఎలుగులు గుట్టంతా తిరిగే కాలం. పక్కింటి కుళ్ళాయప్ప మామను గుట్టమీద ఎలుగుబంటి చీల్చిన రోజు నుంచి, నాయన గొర్రెలు తోలుకొని పోతుంటే అమ్మ గడప పట్టుకొని నిలబడేది. గుట్టమీద ఫోన్ అందదు. అందుకే నాయన జాడ ఇంట్లో తెలిసేలా, నిన్ను అడిగి ఈ పని మొదలుపెట్టాను.

మొదట నువ్వు పంపిన చిన్న రేడియోల జత దొడ్డి దాటగానే మూగబోయింది. తర్వాత పంపిన మూడింటిలో ఒకటి ఇట్లా కాల్చుకోగా, మిగిలిన రెండింటినీ నువ్వు చెప్పినట్టే ఒకే ఛానల్‌కు మార్చాను. పంపేదాన్ని సబ్బుపెట్టెలో పెట్టి నాయన సంచిలో వేశాను. అందుకునేదాని తీగను మిద్దెమీద వెదురుగడకు కట్టాను. నాయన పెట్టె నుంచి సంకేతం వచ్చినప్పుడల్లా వాకిట్లో పచ్చ దీపం మిణుకుమంటుంది. "పొట్టేలికి కట్టినట్ల నాకూ గంట కట్టినావు గదమ్మా" అని నాయన నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. ఆ దీపం ముందే కూర్చుండిపోయింది. అంతకుముందు ఆమె భయం పొద్దు వాలినాకే మొదలయ్యేది. ఇప్పుడు ఒక మిణుకుకూ ఇంకో మిణుకుకూ మధ్యనే మొదలవుతోంది.

పోయిన సోమవారం మధ్యాహ్నం దీపం ఆగిపోయింది. బ్యాటరీ చూశాను, తీగ చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "చెప్పవే, ఆయప్ప యాడుండాడు?" అని అమ్మ దీపాన్నే అడిగింది. మరుక్షణం చెప్పులైనా వేసుకోకుండా గుట్టకేసి పరుగెత్తింది. గొడ్డలి తీసుకొని రమ్మని ఎదురింటి నరసింహులన్నను కేకేసి నేనూ పరుగెత్తాను.

గుట్ట మొదట్లో నాయన గొంగడి ముళ్లకంపకు చిక్కుకొని కనిపించింది. మనిషి లేడు. ఒక్క గొర్రె కూడా లేదు. మట్టిలో గోళ్ల గుర్తులు. నరసింహులన్న వాటిని చూసి, మళ్ళీ నా ముఖం చూడలేకపోయాడు.  నేను "నాయనా" అని అరిచాను. నా అరుపే తిరిగొచ్చింది.

అంతలో గుట్ట పక్కనే లోతుగా పారే వంకలో నుంచి గొర్రె అరుపు వినబడింది. దిగి చూస్తే, నాయన చెలమ తోడి మందకు నీళ్లు పెడుతున్నాడు. పొదల్లో ఎలుగు కదలడం చూసి, గొంగడి సంగతి కూడా మరిచి మందను వంకలోకి తోలుకొచ్చాడట. "ఏమైందప్పా, ఎవురు సచ్చినారని ఇట్ల పరిగెత్తుకొచ్చినారు?" అని గద్దించాడు. అమ్మ ఆయన చేతులు, మెడ, వీపు తడిమి తడిమి చూసుకుంది. ఆమె పాదాల నిండా ముళ్లు. వంక లోతుకు రేడియో అందదని నాకు అప్పుడు తెలిసింది.

ఆనాటి నుంచి అమ్మ ముద్ద మింగలేదు. మిణుకు కొంచెం ఆలస్యమైతే చాలు, లేచి గుట్టవైపు నడిచేది. గొర్రెలు అమ్మేద్దామంటే నాయన "ఇంగేం జేసి బతకల్ల?" అన్నాడు.

నువ్వు దిగులు పడవద్దు. నిన్న గడ ఎత్తు పెంచి అంతా సరిచేశాను. ఈరోజు పొద్దుటి నుంచి దీపం ఒక్కసారి కూడా ఆగలేదు. అమ్మ కడుపునిండా సంగటి తిన్నది. "ఇంగ నాకేం బయం లేదని మీ యన్నకు రాయి" అంటోంది.

వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు,
హేమలత

తా.క. ఇంతవరకూ అమ్మకు చదివి వినిపించాను. ఇప్పుడామె దొడ్డిలో ఉంది. అన్నా, గడ ఎంత ఎత్తు పెంచినా వంకలోకి అందలేదు. వాకిట్లో ఇప్పుడు వెలుగుతున్న దీపానికి రేడియోనే లేదు. బ్యాటరీ ఉన్నన్నాళ్లు ఊరికే మిణుకుమంటుంది, అంతే. నాయన సంకేతానికి వెలిగే అసలు దీపం నా దగ్గర, ఒడిలో దాచుకున్నాను. అమ్మ ఫోన్లో అడిగితే దీపం మంచిదేనని చెప్పు. ఈ నాలుగు ముక్కలు రాయడం మొదలుపెట్టేసరికే నా ఒడిలోది ఆగిపోయింది. వంకలోకి దిగి ఉంటాడు. దిగే ఉంటాడు. ఇది వెలిగేదాకా ఈ పార్సిల్ మూత అంటించను. నీ చేతికి అందిందంటే, వెలిగిందనే అర్థం.