నీ చూపుడువేలు

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ బండి ఇప్పుడు నేనే నడుపుతున్నాను. నిన్న కకిరిగుమ్మ వెళ్లొచ్చేసరికి చైనంతా ఎర్రమట్టి పట్టేసింది. పొద్దున్నే రాయగడలో మనింటి వాకిట్లో బండికి సెంటర్ స్టాండు వేసి, పాత బ్రష్షు కిరసనాయిల్లో ముంచి తోముతున్నాను. పని త్వరగా తెములుతుందని ఇంజను స్టార్టు చేసి గేరులో పెట్టాను. వెనక చక్రం దానంతటదే తిరుగుతోంది.

అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి తాళం తిప్పేసింది.

"ఏలు తెగిపోద్దే అమ్మీ! మీ నాన్నకి అయ్యింది సాలదా?"

"నాన్న వేలు పంపుహౌసులో, మోటారులో పడి కదా పోయింది?"

అమ్మ మెట్టు మీద కూలబడింది. "పంపుహౌసులో కాదే. ఈ వాకిట్లోనే. అప్పటి పాత బండి సైనుకి ఆయన ఆయిలు రాస్తంటే, నువ్వు ఆడుకుంటా సక్రం గిర్రున తిప్పేసేవు. నాలుగేళ్ల పిల్లవి, నీకేటి తెలుసు? 'దానికి ఎప్పుడూ సెప్పకు' అని నా సేత ఒట్టేయించుకున్నాడు."

నేను బండిని న్యూట్రల్‌లోకి మార్చి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుకుంటూ తోమడం పూర్తిచేసి, చైనుకి ఆయిలు రాశాను.

చిన్నప్పుడు ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ, నీ వేలిని మోటారు ఎలా కొరికేసిందో నేనే కథలా చెప్పేదాన్ని. నువ్వు పక్కనే కూర్చుని, "అవునే అమ్మీ, శానా పెద్ద మోటారు" అనేవాడివి.