వీపు మీద బాపు పేరు

దమ్మామ్, శుక్రవారం

చెల్లె సుజాతకు, నీ అక్క రాజమణి దమ్మామ్ నుంచి తలచుకొని రాస్తున్న సంగతులు. దేవుని దయవల్ల నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ మన అవ్వా బాగున్నారని నమ్ముతున్నాను. అవ్వ కండ్లను కామారెడ్డి తీసుకుపోయి చూపించావా? చుక్కల మందు మధ్యలో ఆపనీయకు.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం, ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావు. నీ గొంతు వింటే నేను చెప్పవలసింది చెప్పను. తొమ్మిదేళ్లుగా అదే జరుగుతోంది. అందుకే రాసి, సెలవు మీద ఊరికి వస్తున్న సాయన్న చేతికి ఇస్తున్నాను. ఇక్కడ కారు నడిపే మన గాంధారి సాయన్నే. బీడీల చాట పక్కన పెట్టి, తలుపు దగ్గరికి వేసుకొని, ఒక్కదానివే చదువు. అవ్వకు తర్వాత నువ్వే చెబుదువు.

ముందు నీ బిడ్డ సంగతి. శ్రావణి వారం రోజులు ఇక్కడ ఉండి మొన్న బుధవారం ఫిన్లాండ్ వెళ్లిపోయింది. బాగుంది, చిక్కిపోలేదు. అక్కడి చలికి చెంపలు పగిలితే కొబ్బరినూనె రాశాను. ఇక్కడ ఉక్కపోత. దిగిన రోజు ఊపిరి ఆడటం లేదంది, రెండో రోజుకు అలవాటు పడింది. నీతో కొత్త క్లబ్బు వాళ్లు పిలిచారని మాత్రమే చెప్పిందట. ఇక్కడి ఆడవాళ్ల ఫుట్‌బాల్ క్లబ్బు టికెట్ పెట్టి పిలిపించింది. డాక్టరు పరీక్ష కూడా అయింది. ఆదివారం సంతకం చేస్తే రెండేళ్లు ఇక్కడే ఆడాలన్నారు. జీతం ఫిన్లాండ్‌లో ఇచ్చేదానికి మూడింతలు. ఉండటానికి గది, తిండి వాళ్లే చూసుకుంటారు.

ఆ మాట విని నేను సంతోషించాను. దగ్గర ఉంటుందని. మా యజమానురాలు మంచి మనిషి, పోయిన శుక్రవారం మధ్యాహ్నం పిల్లను వంటింట్లోకి రానిచ్చింది. సర్వపిండి చేసి పెట్టాను.

"పెద్దమ్మా, ఎల్లారెడ్డిల నువ్వు చేసినదానికి, దీనికి ఫరకున్నది."

"ఏం ఫరకే?"

"గిది మాడలే."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాతే అడిగాను, "మరి ఇండియా టీం సంగతేంది బిడ్డా?" అని. తల దించుకుంది.

"కోచ్ మేడం ఫోన్ చేసింది. ఫిన్లాండ్‌లనే ఉండుమన్నది. ఆడ గట్టోళ్లతోని ఆడుతున్నవ్, ఈ ఏడు క్యాంపుకు నీ పేరు చూస్తున్న, అరబ్బులకు పోతే ఆడ నీ ఎదురు నిలిచేటోళ్లే ఉండరు, నీ ఆట నేనెట్ల అంచనా కట్టాలె అన్నది."

"మరెందుకు వచ్చినవ్? పైసల కోసమా?"

"పైసలు సుత," అని ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది. క్లబ్బు వాళ్లు ఆమె కోసం కుట్టించిన చొక్కా. వీపు మీద పెద్ద అక్షరాలు. నేను ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను కదా. గంగారాం అని ఉంది.

"బాపు పేరు వెయ్యుమన్న పెద్దమ్మా. ఈడి మ్యాచులు హోటళ్లల్ల టీవీల పెడ్తరట. బాపు యాడున్నా చాయ్ తాగనీకన్న వస్తడు గద. గ పేరు చూస్తే ఒక్క నిమిషం ఆగడా?"

నేను స్టవ్ వైపు తిరిగి గ్యాస్ కట్టేశాను.

సుజాతా, ఇక్కడి నుంచి మెల్లగా చదువు. గంగారాం లేడు. పోయి పదమూడేళ్లు అయింది.

కంపెనీలో జీతం ఇవ్వక ఆయన బయటపడ్డాడని, ఇక్కడ కల్లివల్లి అంటారే, అట్లా కాగితాలు లేకుండా దొంగచాటుగా పని చేసుకునేవాడని నీకు తెలుసు. నీకు తెలియనిది ఇది. గదిలో ఎవరో సెలవు మీద ఊరికి పోయి తిరిగి రాలేదు, తన అకామా కార్డు పెట్టెలోనే మరిచిపోయాడు. ఆ గుర్తింపు కార్డు లేకుండా ఇక్కడ వీధిలో నడవనీయరు. ఆ కార్డు మీద పేరు ఖాజా. గదిలోవాళ్లు గంగారాంతో, "గడ్డం పెంచు బావా, ఫోటో ఎవలు సూస్తరు" అన్నారట. గడ్డం పెంచాడు. ఆ కార్డు జేబులో పెట్టుకొని పనికి పోయేవాడు. నీకు చివరి ఫోన్ చేసిన మూడో నెల, ఎండలో పని చేస్తూ గుండె పట్టుకొని కూలబడ్డాడు. ఆసుపత్రి వాళ్లు జేబులోని కార్డు చూసి అదే పేరు రాసుకున్నారు. ఆ సాయంత్రమే పోయాడు. వెంట ఉన్నవాళ్లకూ కాగితాలు లేవు. అసలు పేరు చెబితే అందరూ పట్టుబడతారని నోరు మూసుకున్నారు. ఖాజా అనుకొనే స్నానం చేయించి, ఖాజా అనుకొనే పూడ్చిపెట్టారు. మన గంగారాం చనిపోయినట్లు ఏ దేశంలోనూ ఒక్క కాగితం లేదు.

ఆ వెంట ఉన్నవాళ్లలో సాయన్న ఒకడు. నాలుగేళ్లకు తన కాగితాలు సరిచేసుకున్నాక మా గేటు దగ్గరికి వచ్చి నాకు చెప్పి ఏడ్చాడు.

ఆ నెలలోనే శ్రావణికి హైదరాబాద్ ఆటల హాస్టల్ ఎంపిక ఉంది. అది కానిచ్చి చెబుదామనుకున్నాను. తర్వాత అవ్వకు ఆపరేషన్ వచ్చింది. తర్వాత ఇంకొకటి. నీ ఫోన్ అప్పుడప్పుడు మోగేది, అవతల ఎవరూ మాట్లాడకుండా పెట్టేసేవాళ్లు. "ఆయనే గదనే అక్కా?" అని అడిగేదానివి. "కావచ్చు" అనేదాన్ని. అబద్ధం ఆడలేదులే అని దేవునికి దండం పెట్టుకొని పడుకునేదాన్ని. ఆ ఒక్క మాటతో నిన్ను ఇన్నేళ్లు గుమ్మంలో నిలబెట్టాను.

ఆయన మాత్రం నన్ను వదలలేదు. బస్సు ఆగిన చోటల్లా గడ్డం పెంచిన కూలీ ఒకడు కనబడతాడు. వెనక నుంచి ఆ భుజాలు, ఆ నడక ఆయనవే. తిరిగి నా వైపు చూసి, "వదినే, చెప్పినవా?" అని అడుగుతాడనిపిస్తుంది. జపం చేసుకుంటూ కండ్లు మూసినా అదే మాట. వేరే ఏమీ అడగడు.

ఆ చొక్కా ఫోటో చూశాక, పిల్ల ఇక్కడికి వచ్చి ఇండియా టీం పోగొట్టుకోబోయేది నా మౌనం వల్లే కదా అనిపించింది. ఆ వంటింట్లోనే, నీతో అన్న ఆ కావచ్చుతో సహా, అంతా చెప్పేశాను. శ్రావణి ఏడవలేదు. చేతిలోని ముక్క పళ్లెంలో పెట్టింది.

"అమ్మకు ఎరికేనా?"

"లేదు."

"గిన్నేండ్లు ఉరికిన గద పెద్దమ్మా, ఎవలకు సూపెడ్దామని ఉరికిన?" అంది.

మరునాడు పొద్దున సాయన్న మమ్మల్ని ఆ శ్మశానానికి తీసుకుపోయాడు. ఆడవాళ్లను లోపలికి పోనివ్వరు. గోడ బయట నిలబడ్డాం. అక్కడ సమాధుల మీద పేర్లు ఉండవు, తలాపున ఒక రాయి, అంతే. సాయన్న లోపల తిరిగి తిరిగి వచ్చి, "మూడో వరుసల, గా మూలకు కావచ్చు" అన్నాడు. శ్రావణి నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నేను మరిచిపోను. గోడ పట్టుకొని మునివేళ్ల మీద లేచింది. అంత ఎత్తు పిల్లకు కూడా లోపల ఏమీ కనబడలేదు.

"ఆ దినం ఎవలన్న ఉన్నరా సాయన్నా, దండం పెట్టనీకి?"

"శుక్రారం గద బిడ్డా. మసీదులకెల్లి మస్తుమంది వచ్చిండ్రు. ఎవలో ఎరికలేకున్నా అందరు నిలవడి నమాజు సదివిండ్రు."

శ్రావణి తల ఊపింది. తెలియని మనుషులు ఆయన కోసం దేవుణ్ణి అడిగారన్నది నాకు కూడా కొంత ఓదార్పు. నువ్వూ ఆ మాట పట్టుకో.

ఆదివారం ఆమె సంతకం చేయలేదు. ఒప్పందం కుదిర్చిన ఏజెంటు ఫోన్లో అరుస్తూనే ఉన్నాడు, ఇంత జీతం మళ్లీ ఎవరూ ఇవ్వరని. "ఇయ్యకపోనీ" అని పెట్టేసింది. ఫిన్లాండ్‌లో పాత జీతానికే ఆడుతుంది. క్యాంపుకు పిలుస్తారని గట్టిగా ఏమీ లేదు, చూస్తానని మాత్రమే కోచ్ చెప్పింది. నీకు నెలనెలా పంపేది పెరగదు. ఇంటి మీద గది వేసుకోవటం ఇప్పట్లో కాదు. దాని గురించి పిల్లను ఒక్క మాట అనకు.

అక్కడి చొక్కా మీద కూడా బాపు పేరే వేయించుకుంటానంది. "ఇంక ఎవలు సూడాలెనే?" అన్నాను.

"గోరి మీద లేదు గద పెద్దమ్మా."

ఎయిర్‌పోర్టులో, "అమ్మకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?" అని అడిగింది. నేనే రాస్తానన్నాను. "రాయి. నోటితోనైతే మల్ల కావచ్చు అంటవ్," అని నా కొంగు సరిచేసి లోపలికి వెళ్లిపోయింది.

సాయన్న మీద కోపం పెట్టుకోకు. ఏమైనా అడగాలంటే అతన్ని అడుగు, ఇప్పుడు దాచడు. అన్నం మానకు. అవ్వకు నా దండాలు, ఇంటి పక్కవాళ్లను అడిగానని చెప్పు. పెద్దదాన్ని కాబట్టి నిన్ను దీవించాలి, దీవిస్తున్నాను. అయితే ఈసారి నీ దీవెన నాకు కావాలి. ఇవ్వాలనిపించినప్పుడే ఇవ్వు.

పెత్రమాసకు సెలవు దొరికింది, వస్తున్నాను. ఎవరు ఏమన్నా సరే, నేను వచ్చేదాకా పుస్తె, బొట్టు అలాగే ఉండనీ. ఏటా ఆ అమావాస్యకు పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు అయ్యగారు పేర్లు అడిగితే మీ మామ పేరు, అత్త పేరు చెప్పి ఆగిపోతావు. ఈ ఏడు మూడో పేరు చెప్పాలి. నీకు నోరు రాకపోతే నీ పక్కన కూర్చొని నేను చెబుతాను.

నీ అక్క,
రాజమణి