వదినె చెప్పాల్సిన కత

మెదక్,
శుక్రవారం, పొద్దుగాల.

శివ్వంపేటల ఉన్న అన్నకు చెల్లె యశోద దండం పెట్టి రాస్తున్న ముచ్చట్లు. ఈడ నేను, మీ బావ మంచిగున్నం. ఆడ నాయినకు దగ్గు తగ్గిందా? నీ మోకాలు నొప్పి ఎట్లుంది? నీ బిడ్డ చిట్టి ఎట్లుంది? అందరి సంగతి రాయి. నా గురించి ఏం ఫికర్ చెయ్యకు. నేను మంచిగనే ఉన్న.

మెదక్ వచ్చి ఐదు నెలలాయె. మీ బావకు బస్సులు బాగుచేసే పని మంచిగనే నడుస్తుంది. ఎంత సబ్బు పెట్టి కడిగినా చేతులకు గ్రీసు వాసన పోదు, గా చేతితోనే నాకు ఉల్లిగడ్డ కోసిస్తడు. కిరాయికి తీసుకున్న అర్ర చిన్నదే గాని గాలి మంచిగ వస్తది. పెద్ద చర్చి గంట కొడితే లేస్తున్న. ఎండలు మస్తు కొడుతున్నయి, పొద్దుగాల అంబలి తాగుతున్నం. ఇటు ఎవలన్న వస్తే జర మామిడికాయ తొక్కు పంపు, ఈడి తొక్కుల ఉప్పు తప్ప ఏం లేదు. మొదట్ల ఒక్కదాన్నే కూసుండి ఏడ్చేదాన్ని. రాస్తె నువ్వు ఎంటనే బస్సెక్కుతవని రాయలే. ఇప్పుడు ఏడుస్తలేను, ఒట్టు. పదిమంది ఆడోళ్లం ఒక అరుగు మీద కూసుండి బీడీలు చేస్తున్నం. ఒళ్లె చాట, చేతుల కత్తెర, నోట్ల ముచ్చట. పొద్దు ఎట్ల పోతుందో తెలుస్తలేదు.

ఇగ అసలు సంగతి. నీ ఉత్తరం సోమవారం అందింది. చిట్టి కొత్త వదినె చేతి బువ్వ ముడుతలేదని, పక్కింటి ఎల్లవ్వ పెడితెనే తింటున్నదని రాసినవు. వదినె ఏడ్చి ఏడ్చి, వచ్చే అమాస లోపల తల్లిగారింటికి పోత, మళ్ల రాను అంటున్నదని గూడ రాసినవు. పోరికి ఏమైందో సమజైతలేదు అన్నవు. నాకు సమజైంది అన్నా. గది నేను చేసిన పనే.

పెద్ద వదినె పోయి ఏడాది తిరగకముందే నువ్వు లగ్గం పెట్టుకున్నవని నాకు కడుపు మండింది. చిన్నపిల్లతోని ఇల్లు ఎట్ల ఎల్లదీస్తవని ఆలోచన చెయ్యలే. గా కోపంల, మెదక్ రాకముందు, చిట్టిని ఒళ్లె కూసుండబెట్టుకుని సవతితల్లి కత చెప్పిన. రాజుకు రెండో రాణి వస్తది, పెద్ద రాణి బిడ్డ తినే బువ్వల విషం కలుపుతది. నేను చెప్పుకుంట పోయిన, అది ఊ కొట్టుకుంట పోయింది. ఊ కొడుతుంటె వింటుందనుకున్న గాని మనసుల పెట్టుకుంటదనుకోలే. నోటిదూల నాది, ఉపాసం దానిది. లగ్గానికి గూడ రాక, ఒంట్ల బాగలేదని అబద్ధం రాసిన.

మా అరుగు మీద మరియమ్మ అని ముసలామె ఉంది. ముప్పై ఏండ్లు ఆడపిల్లల హాస్టల్ల బువ్వ వండిందట. ఇప్పుడు మాతోని బీడీలు చేస్తుంది. కతలు చెప్తె, అబ్బ, చెవులు కోసుకోవాలె! పగటీలి కత చెప్తె మేనమామ తొవ్వ తప్పుతడని మన దిక్కు అంటరు గద, నేను గదే అన్న. ఇప్పుడు మేనమామలు బస్సుల వస్తున్నరు, డ్రైవర్‌కు తొవ్వ ఎరుకే అన్నది మరియమ్మ. పాత కతే చెప్తది గాని కొత్తగ ఇనిపిస్తది. ఆమె కతల రాజకొడుకు గుర్రానికి చేగుంట కాడ కాలి నాడ ఊడుతది, కమ్మరాయన పొలానికి పోయిండు, వచ్చేదాక కూసో అంటరు. రాజకొడుకు చింతకింద కూసుండి పల్లీలు తింటడు. నవ్వలేక సచ్చినం.

ఒకనాడు సవతితల్లి కత ఎత్తుకుంది. ఎత్తుకున్నంక కత ఇంకో దిక్కు మళ్లింది. సాయవ్వ అని ఒకామె ఊకోలే. పెద్దలు చెప్పిన కతల వేలు పెట్టుడేంది, ఉన్నదున్నట్టే చెప్పాలె అని లొల్లి పెట్టింది. మరియమ్మ ఆకు కత్తిరించుకుంటనే అన్నది:

"హాస్టల్ల సగం మంది పిల్లలకు ఇంట్ల సవతితల్లే ఉంటుండె. సెలవులిస్తె గా తల్లి కాడికే పోవాలె. వాళ్లను బస్టాండు దాక తోలిచ్చేది నేనే. విషం కత చెప్పి బస్సెక్కియ్యాల్నా బిడ్డా?"

నేను తల ఎత్తలేకపోయిన అన్నా. నా చేతుల బీడీ ఇచ్చుకపోయింది.

మరియమ్మ పాతదేది తీసెయ్యది. రాజు ఉంటడు, రాణి ఉంటది, విషం ముచ్చట గూడ ఉంటది. గా ముచ్చట ఎవలు పుట్టిచ్చిండ్రో గది చెప్తది. మనం చిన్నప్పటి సంది ఇన్న కతే, ఒక్కనాడన్న గట్ల అడిగినమా? చదువురాని మనిషికి గింత తెలివి యాడికెళ్లి వచ్చిందో అని నేను ఇప్పటికీ పరేషానే.

గా కత రాస్తున్న. నువ్వు చిట్టికి చదవకు. ముందుగాల వదినెకు చదివి ఇనిపియ్యి, ఆమెనే చిట్టికి చెప్పాలె.

అనగనగ ఒక రాజు. పెద్ద రాణి పోతే పద్దెనిమిదేండ్ల పిల్లను రెండో రాణిగ తెచ్చిండు. ఆమెకు కోటల వంటింటి తొవ్వ గూడ తెల్వది. ఉప్పు ఏడుందని అడిగితె, పెద్ద రాణి గిట్ల పెడుతుండె, పెద్ద రాణి గట్ల వండుతుండె అంటరు గాని ఉప్పు చూపియ్యరు. దాసీలు పోయి పెద్ద రాణి పిల్ల చెవుల ఊదిండ్రు, కొత్త రాణి నీ బువ్వల విషం కలుపుతదని. గాళ్లే పోయి రాణి చెవుల ఊదిండ్రు, గీ పోరి నీ బువ్వల విషం కలుపుతదని. ఇగ పిల్ల తినది, రాణి తినది. వండిన బువ్వంత కుక్కలకు పోతుంది, కుక్కలు మంచిగ బలుస్తున్నయి. (ఈడ సాయవ్వనే అడిగింది, కుక్కలు సావలే గద, వాళ్లకు తెలుస్తలేదా అని. భయపడ్డోళ్లు కుక్కల దిక్కు చూడరు అన్నది మరియమ్మ.) నాలుగోనాడు రాణి కండ్లు తిరిగి గడపల కూలబడ్డది. తలుపు ఎనుక దాగిన పిల్ల చూసి బయటికి వచ్చింది. నువ్వెందుకు తింటలేవని అడిగింది. రాణి, "నువ్వంటె నాకు భయం" అన్నది. పిల్లకు నవ్వొచ్చింది. నేను గింతే ఉన్న, నేనంటె భయమేంది అన్నది. ఇద్దరు నడుమల ఒక్కటే పళ్లెం పెట్టుకుని కూసున్నరు.

గంతే. మరియమ్మ ఆడికే ఆపింది. మొదటి ముద్ద ఎవలు తిన్నరని అందరం మీద పడి అడిగినం.

"హాస్టల్ల గూడ ఎన్నడు చెప్పలే," అన్నది. "ఇంటికి పోయి మీ అమ్మ తోని కూసుండి చూడుండ్రి అని పంపుతుంటి."

అందుకే నేను గూడ గంతే రాస్తున్న. చిట్టి తర్వాత ఏమైందని అడుగుతది, అడగకుంట ఉండదు. గప్పుడు వదినె నోటితోని ఏం చెప్పొద్దు. పళ్లెంల బువ్వ పెట్టుకొచ్చి నడుమల పెట్టాలె. నువ్వు ఆడ ఉండకు, బయటికి పో.

నాయిన కాళ్లకు నా దండాలు. ఎల్లవ్వను అడిగిన్నని చెప్పు, ఇన్ని దినాలు పిల్లను ఎండనియ్యలే, ఆమె కడుపు సల్లగుండ. వదినెకు ఇది నా మొదటి దండం. తప్పు నాది, మాఫ్ చెయ్యమను. నన్ను ఆడిబిడ్డ అనుకోమను, గా కతల దాసీ అనుకోవద్దని చెప్పు.

పోరి తిన్నదో లేదో ఒక్క కార్డు ముక్క రాయి అన్నా. అందాక నాకు బువ్వ దిగది.

మీ చెల్లె
యశోద