ఇద్దరి కోటు

సెప్టెంబర్ 27, ఆదివారం

పొద్దున్నే అక్క పెట్టె ఈడ్చుకుంటూ వచ్చింది. చలికాలం బట్టలన్నీ నా మంచం మీద గుమ్మరించింది. ఇవన్నీ తెమిలేదాకా నేను పడుకునేది కుర్చీలోనే.

ఏటా ఇదే తంతు. కాలం మారేముందు తనవీ నావీ కలిపి పరుస్తాం. ఏది కురచ చేయాలి, ఏది తిరగేసి కుట్టాలి, దేనికి గుండీలు మారిస్తే కొత్తదానిలా కనిపిస్తుంది అని పోట్లాడుకుంటాం. ఈసారి ఒట్టు కూడా పెట్టుకున్నాం, కొత్తది ఒక్కటీ కొనకూడదని. ఆ ఐడియా అక్కదే. షాపుల్లో అద్దం ముందు తొడుక్కుని చూడటం విసుగట. నిరుడు ఒక్క స్కార్ఫ్ కోసం నన్ను వీధి వీధంతా తిప్పిన మనిషి.

బావ పాత ప్యాంటు నాకు స్కర్ట్ అవుతుంది. నీలం చొక్కా కాలర్ అరిగింది, విప్పి తిరగేసి కుడితే ఇంకో రెండేళ్ళు లాగుతుంది. పొడుగు స్వెట్టర్‌ని ముందు నిలువునా కోసి జిప్ వేస్తే జాకెట్ అయి కూర్చుంటుంది. ఇలాంటివి ఆలోచిస్తుంటే నాకు ఆకలి కూడా వేయదు.

బూడిద రంగు కోటు చివరికి మిగిలింది. అది ఇద్దరిదీ. కాలేజీ రోజుల్లో అమ్మ ఇద్దరికీ కలిపి కొన్నది. ఒకరోజు తను, ఒకరోజు నేను. పెళ్ళవగానే అక్క దాన్ని ఎత్తుకుపోయింది. నేనింకా క్షమించలేదు. మా ఇద్దరి సైజూ ఒకటే. భుజం, నడుము, చేతి పొడుగు, అన్నీ. అందుకే నేనెప్పుడూ అక్కకి టేపు పెట్టను. నేను తొడుక్కుని చూస్తాను. నాకు పడితే తనకి పడ్డట్టే. డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో పొద్దస్తమానం ఊరందరి నడుములూ కొలుస్తాను, సొంత అక్కని మాత్రం ఒక్కసారీ కొలిచింది లేదు.

కోటు కొంచెం బిగించమంది. ఈ సీజన్ ఒంటికి పట్టినట్టు ఉండాలట. వాళ్ళ స్కూల్లో కుర్ర టీచర్లంతా అలాగే వేస్తున్నారట. లెక్కల టీచరుకి ఫ్యాషన్ పిచ్చి పట్టిందని ఏడిపించాను. నవ్వింది. టీ సగంలో వదిలేసింది.

అక్టోబర్ 6

కోటు అయింది. తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగాను. ఒంటికి అతికినట్టు ఉంది. నా పని నాకే ముద్దొచ్చింది. అక్క స్కూలుకి వెళ్తూ గుమ్మంలోంచే తీసుకుపోయింది. తొడుక్కుని చూడవే అంటే టైం లేదంది.

అక్టోబర్ 15

కోటు వెనక్కొచ్చింది. ఇంకా వదులేనట. ఎంత లాగాలో తనే పిన్నులు పెట్టి పంపింది. తన నల్ల ప్యాంటుకీ పిన్నులే, తన స్కర్ట్‌కీ పిన్నులే. మొన్న నీలం చొక్కా ఒళ్ళు కూడా తగ్గించమంది. బెల్టు పెట్టుకోవచ్చుగా అంటే ఫోన్ పెట్టేసింది. ముక్కు మీదే కోపం.

పిన్నుల ప్రకారం కుట్టాను. తర్వాత అలవాటు కొద్దీ తొడుక్కున్నాను. గుండీ పడలేదు. ఊపిరి బిగబట్టి లాగితే పడింది కానీ నా మొహం ఎర్రబడిపోయింది.

అంటే నేను లావెక్కాను. అక్క మాత్రం అలాగే ఉంది. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి మా సైజులు వేరయ్యాయి. తప్పు నాది. మెషీన్ ముందు కూర్చుని బిస్కెట్లు నమిలేది ఎవరు?

అక్టోబర్ 16

డైట్.

అక్టోబర్ 25, ఆదివారం

బావ వచ్చాడు. లారీ దిగి స్నానం చేసి నేరుగా ఇటే వచ్చాడు, నా రుణం తీర్చుకోలేనంటూ. మీ అక్క పెళ్ళినాటిలా ఉంది, అంతా నీ చేతి మహిమ అన్నాడు. పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చే మనిషి, ఆ ఉండే ఒకటి రెండు రోజులు పెళ్ళాం అందంగా కనిపిస్తే పొంగిపోడా. నేనూ పొంగిపోయాను. ఆ తర్వాత అద్దంలో నా పొట్ట చూసుకుని ఏడుపొచ్చింది.

ఇవాళ ఉడకబెట్టిన కూరగాయలు. ఉప్పు లేకుండా. దేవుడు నన్ను చూస్తే బాగుండు.

నవంబర్ 5

మళ్ళీ కోటు. మళ్ళీ పిన్నులు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంతకన్నా లాగితే భుజం అందం చెడిపోతుంది, చంక దగ్గర ముడత పడుతుంది అని చెప్పాను. ముడత పడకుండా కుట్టేవాళ్ళు నీ కన్నా ఎవరున్నారే అంది. పొగిడితే నేను పడిపోతానని తనకి తెలుసు. పడిపోయాను.

గుడ్డ మాత్రం కోయలేదు. మిగిలిందంతా లోపలికే మడిచాను. ఇద్దరి కోటు కదా, నేను ఎప్పటికైనా సన్నబడితే నాకూ కావాలి.

లిఫ్ట్ మానేశాను. మెట్లే.

నవంబర్ 12, మధ్యాహ్నం రెండు

షాపులో ఇస్త్రీ పెద్దాయన బల్ల మీద నుంచి తలెత్తి, ఏమ్మా ఒంట్లో బాగుండటం లేదా, బాగా చిక్కిపోయావు అన్నాడు. ఎగిరి గంతేయాలనిపించింది. గుండీలు మార్చడానికి తెచ్చిన అక్క కోటు ఇక్కడే ఉంది. లంచ్ టైంలో తలుపు వేసుకుని తొడుక్కున్నాను.

గుండీకీ కాజాకీ మధ్య నా అరచేయంత ఎడం.

నా స్కర్ట్ నడుము మీద నిలవక పిన్ను పెట్టుకున్నాను. అదే నడుముకి ఈ కోటు అందటం లేదు. అప్పుడు తోచింది.

లైనింగ్ తిరగేసి చూశాను. అన్నీ నా కుట్లే. సెప్టెంబర్‌లో అడిగినప్పుడు వేసింది ఒక వరస. దాని లోపల ఇంకో వరస. దాని లోపల నిన్నగాక మొన్న వేసింది. ప్రతిసారీ మడత మీద తడిగుడ్డ వేసి ఎంత ఓపిగ్గా అణిచానో, బయటికి ఒక్క గీత కనిపించకుండా. ఆ పొంకం చూసే బావ మురిసిపోయింది.

నేనేం లావెక్కలేదు. ఎప్పుడూ ఎక్కలేదు.

నవంబర్ 13

సాయంత్రం చెప్పకుండా అక్క ఇంటికి వెళ్ళాను. వంటింటి బల్ల దగ్గర పేపర్లు దిద్దుతోంది. లోపల స్వెట్టర్, పైన స్వెట్టర్, మెడకి ఆ స్కార్ఫ్. నేరుగా వెళ్ళి మోచేతికి పైన పట్టుకున్నాను. అంత మందం ఉన్ని మీద నుంచి కూడా నా వేళ్ళు కలిశాయి.

అక్క ఎర్ర పెన్ను కింద పెట్టలేదు. ఇంకో లెక్క దిద్ది మార్కు వేసింది.

ఎప్పటి నుంచి అని అడిగాను. ఎండల నుంచి అంది. తిన్నది నిలవటం లేదట. పక్కలో ఎప్పుడూ సన్నగా నొప్పట. డాక్టర్ దగ్గరికి రేపే పోదామన్నాను. అమ్మ కూడా రేపే పోదాం అనే వెళ్ళింది అంది. అమ్మ తన కాళ్ళ మీద తను నడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్ళింది, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది అక్కే. ఆ తర్వాతంతా ఇద్దరం చూశాం. ఇక్కడ రాయను.

“తెలియనంత కాలం బాగానే ఉంటానే. తెలిసిన రోజు నుంచి చావడం మొదలెడతాను. ఈ చలికాలం నన్ను గడపనీ.”

లెక్కలు చెప్పే మనిషి ఇలా మాట్లాడితే నేనేం చెప్పను? అరిచాను. బతిమాలాను. చివరికి ఏడ్చాను. తను మాత్రం నా జడ సర్దింది, నేనేదో పరీక్ష తప్పి వచ్చినట్టు. ఎల్లుండి బావ స్నేహితుడింట్లో భోజనాలట. రేపు బావ వచ్చేస్తాడు, చలికాలం బట్టలన్నీ ఆఖరిసారి బిగించి ఇవ్వమంది. పెట్టె సర్ది సిద్ధంగా ఉంచింది. బావతో ఒక్క మాట కూడా అననని అమ్మ మీద ఒట్టేయించుకుంది.

వేశాను. పెట్టె మోసుకుని ఇంటికొచ్చాను.

నవంబర్ 14, శనివారం

సెలవు పెట్టాను. కోటు బల్ల మీద పరిచాను. సుద్దతో గీత గీశాను. దారం ఎక్కించాను. గీత మీదికి సూది దించాను. మెషీన్ తొక్కలేకపోయాను.

ఇది కుడితే రేపు అక్క చక్కగా ఉంటుంది. నలుగురూ బాగున్నావంటారు. బావ లారీ ఎక్కుతాడు. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ పిన్నులు.

భయమేస్తోంది. ఒట్టంటే భయం. అక్కంటే అంతకన్నా భయం. అక్క నన్ను వదిలేస్తే నాకెవరున్నారు?

నవంబర్ 14, సాయంత్రం

బావతో ఒక్క మాట అనను. ఒట్టు ఒట్టే.

సుద్ద గీత తుడిచేసి, కుట్లు విప్పే రిప్పర్ తీశాను. కోటుకి మూడు వరసలూ విప్పాను. నల్ల ప్యాంటు విప్పాను. స్కర్ట్ విప్పాను. నీలం చొక్కా పక్కలు విప్పి పాత గీత మీద కుట్టాను. పెట్టెలో ఉన్న ప్రతిదీ ఎండాకాలానికి ముందు ఎలా ఉందో అలా చేశాను. అణిచిన మడతలన్నీ ఆవిరి పట్టి లేపాను. ఇంత చెడ్డ పని ఇంత నీటుగా నేనెప్పుడూ చేయలేదు. చెడ్డదో మంచిదో రేపు తెలుస్తుంది.

నవంబర్ 15, ఆదివారం

బయల్దేరే టైంకి కావాలనే ఆలస్యంగా వెళ్ళాను. బావ బూట్లు వేసుకుని గుమ్మంలో ఉన్నాడు. అక్క ఇంటి గౌను మీద శాలువా కప్పుకుని నన్ను కసిరింది, ఇప్పుడా తెచ్చేది అని. పెట్టె తీసుకుని గదిలోకి పోయింది.

చాలాసేపు బయటికి రాలేదు. బావ టైం అయిందని కేకేశాడు. పెట్టె తిరగేస్తున్న చప్పుడు. ఒకదాని తర్వాత ఒకటి తీసి చూస్తోందని నాకు తెలుసు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. పారిపోదామనిపించింది.

బావే లోపలికి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. నీలం చొక్కా, నల్ల ప్యాంటు, పైన కోటు. ప్యాంటుని ఒక చేత్తో నడుము దగ్గర గుప్పిట పట్టుకుని ఉంది. కోటు చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. భుజాలు ఎక్కడికో జారాయి. బావ ముందు నవ్వాడు. ఇదేం ఫ్యాషన్ మరదలా, సంచిలా కుట్టావు అన్నాడు. నేను మాట్లాడలేదు. ఒట్టు.

అతని నవ్వు దానంతటదే ఆగింది. దగ్గరికి వచ్చాడు. కోటు గుండీలు పెట్టి, రెండు వైపులా మిగిలిన గుడ్డని రెండు చేతులతో పట్టుకున్నాడు. రెండు గుప్పిళ్ళ నిండా వచ్చింది.

“ఇది నీ కోటేనా?”

అక్క నా వైపు చూసింది. అరవలేదు.

“నిన్ను ఒక్క పని అడిగాను” అంది.

నేను వచ్చేశాను. రెయిలింగ్ పట్టుకుని మెట్లన్నీ దిగాను.

నవంబర్ 16

అక్క ఫోన్ ఎత్తలేదు.

నవంబర్ 17

ఎత్తలేదు.

నవంబర్ 21

బావ ఫోన్ చేశాడు. లారీ ఎక్కలేదట. పరీక్షలు చేయించాడట. గడ్డ. ఆపరేషన్ చేస్తారట. ఇంకా ఆలస్యం చేసుంటే చేసేదేమీ ఉండేది కాదన్నాడట డాక్టర్. మరి ఇప్పుడు ఉందా అని అడిగితే బావ నీళ్ళు నమిలాడు. అక్క నా గురించి ఏమైనా అందా అని అడిగాను. అదీ నమిలాడు.

డిసెంబర్ 3

ఆపరేషన్ అయింది. అయిదున్నర గంటలు. నేను ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. నన్ను లోపలికి రానివ్వొద్దని అక్క ముందే చెప్పిందట. నర్సు పాపం నా మొహం చూడలేక వేరే పని చూసుకుంది.

సరే. కోపం రావాలంటే బతికుండాలి కదా. కోప్పడనీ.

డిసెంబర్ 20

రోజూ షాపు కట్టేశాక వెళ్తున్నాను. వరండాలో కుర్చీ ఒకటి నాదైపోయింది. బావ బయటికొచ్చి చెప్తాడు, ఇవాళ రెండు చెంచాలు తాగింది, ఇవాళ తాగలేదు. ఇవాళ కిటికీ దాకా నడిచిందట. కిటికీ దాకా. నేను ఏడ్చిన ఏడుపుకి పక్క కుర్చీ ఆయన తన రుమాలు ఇచ్చాడు.

కోటు బావ నాకిచ్చేశాడు. చలి చంపేస్తోంది, వేసుకోమన్నాడు. గుండీలు పడ్డాయి. వేసుకోలేదు. మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

జనవరి 17

మందు ఎక్కిస్తున్నారు. జుట్టు పోతోందట. ఇంకా నాతో మాట లేదు. నాకూ ఇప్పుడు కోపం వస్తోంది. తనకొక్కదానికేనా కోపం?

జనవరి 18

ఉన్న ఉన్ని ముక్కలన్నీ కలిపి టోపీ కుట్టాను. సైజు తెలియక నా తలకి కుట్టాను. మళ్ళీ అదే బుద్ధి.

ఫిబ్రవరి 21, ఆదివారం

బావ వరండాలోకి వచ్చి, నిన్ను పిలుస్తోంది, టేపు తెమ్మంది అన్నాడు.

టేపు ఎప్పుడూ బ్యాగులోనే ఉంటుంది. లోపలికి వెళ్ళాను. నా టోపీ పెట్టుకుని ఉంది, కనుబొమల దాకా దిగిపోయింది. నిలబడలేను, పడుకునే ఉంటా కొలువు అంది. రెండు చేతులూ పక్కకి చాచింది. నడుము కింద నుంచి టేపు దూర్చడానికి బావ తనని కొంచెం ఎత్తి పట్టుకున్నాడు.

ఎంత అని అడిగింది. చెవిలో చెప్పాను.

పైకి చెప్పవే, మీ బావకి కూడా వినపడాలి అంది.

పైకి చెప్పాను. రాసుకోమంది. ఎండాకాలం బట్టల పెట్టె అటక మీద ఉందట, దింపమంది. ఏదీ బిగించొద్దంది.