అలివేలుమంగ గ్రంథమాల

రాజమండ్రి
12 జూన్ 1998

ప్రియమైన శ్రీవారికి,

కళ నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. మెస్సులో సాంబారు గురించి రెండు పేజీలు, నా గురించి రెండు లైన్లు. చదివి ఆ సాంబారు మీద కుళ్ళుకున్నాను.

మా లైబ్రరీకి కంప్యూటరు వచ్చింది. పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ప్రెసిడెంటు జగన్నాథరావుగారు నీళ్ళు దాని మీద చిందుతాయేమోనని తన కండువా తీసి కప్పారు. కార్డుల మీద ఉన్న పుస్తకాల వివరాలన్నీ దాంట్లోకి ఎక్కించేశాను. ఇప్పుడొచ్చింది అసలు తంటా, పుస్తకాలు అచ్చు వేసిన గ్రంథమాలలతో.

ఒకే గ్రంథమాలని ఒక పుస్తకం మీద ‘వేణుగోపాల గ్రంథమాల’ అంటారు, ఇంకోదాని మీద ముందు ‘శ్రీ’ తగిలిస్తారు, మూడోదాని మీద చివర ‘పెనుగొండ’ అని ఊరి పేరు చేరుస్తారు. కంప్యూటరుకి ఇవి మూడూ వేరు. ఎవరైనా వచ్చి అడిగితే నాలుగు పుస్తకాలు చూపించి, మిగతావి లేవు పొమ్మంటోంది. అన్నిటికీ ఒక్క పేరు ఖాయం చేసి, ఎలా అడిగినా మొత్తం చూపించేలా చెయ్యాలి. చేత్తో చేస్తూ కూర్చుంటే నేను ముసలిదాన్నయిపోతాను. మీరే ఒక ప్రోగ్రాము రాయాలి.

ఊరికే అడగడం లేదు. జగన్నాథరావుగారు ఏమన్నారో తెలుసా? “ఆగస్టులో సభ పెడదామమ్మా. నలుగురి ముందూ మీ ఆయన ప్రోగ్రాము సవ్యంగా నడిస్తే మన సంఘం లైబ్రరీలన్నిటి పనీ ఆయనకే ఇస్తాను. లేదంటే మన కార్డులే మనకి గతి” అన్నారు. అంటే మీరు మద్రాసు వదిలి వచ్చేయొచ్చన్నమాట! పెళ్ళయి రెండేళ్ళయినా మనం కాపురం చేసింది సెలవుల్లోనే. నాకు విసుగొచ్చేసిందండీ.

మీ
కళ

మద్రాసు
9 జూలై 1998

ప్రియమైన కళకి,

ఇక సాంబారు ఊసెత్తను, ఒట్టు.

రిజిస్టరు పోస్టులో ఫ్లాపీ పంపుతున్నాను. ఆఫీసు అయ్యాక రోజూ దీని మీదే కూర్చున్నాను. పేరులో శ్రీ, శ్రీమతి, గారు, స్మారక, ఊరి పేరు లాంటివి ఉన్నా లేకపోయినా ఆ గ్రంథమాల ఒకటే అనుకోమని చెప్పాను. దొరికిన రూపాల్లో ఏది పొడుగో దాన్నే ఖాయం చేస్తుంది. ఒకసారి నువ్వూ చూసి సరేనను. పుస్తకం మీద అచ్చయిన పేరుని మాత్రం ముట్టుకోవద్దని మొన్న ఫోనులో నువ్వు వెంటపడి మరీ చెప్పావు కదా, దాన్ని పక్కనే అలాగే ఉంచుతుంది.

ఇది నడిస్తే ఇన్నీసుపేటలో గాలి వచ్చే ఇల్లు చూడు. రెండు గదులు చాలు. ఇక్కడ ఇంటాయనతో ఆగస్టు నెలాఖరుకి ఖాళీ చేస్తానని చెప్పేశాను. తొందరపడ్డానంటావా? అయితే అవనీ.

నీ
భాస్కర్

రాజమండ్రి
30 జూలై 1998

ప్రియమైన శ్రీవారికి,

నడిచిందండీ! ‘వేణుగోపాల’ అని కొట్టగానే పుస్తకాలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. రీడింగు రూములో పేపరు చదువుకునే వాళ్ళంతా నాకేదో అయిందనుకున్నారు. మీరు లెక్కలోకి తీసుకోవద్దన్న మాటల వరస కూడా చూశాను, బాగానే ఉంది.

గ్రంథమాలలు నడిపిన కుటుంబాల వాళ్ళని సభకి పిలుద్దామని ప్రెసిడెంటుగారు అన్నారు. కంప్యూటరు చూపించిన పేర్లని బట్టి ఆహ్వానాలు రాస్తున్నాను. అందులో ‘అలివేలుమంగ స్మారక గ్రంథమాల’ అని ఒకటుంది. చాలా పుస్తకాల మీద భీమవరం దగ్గర ఒక రాజుగారి చిరునామా ఉంది, కొన్నిటి మీద ద్రాక్షారామం అని ఉంది. అక్కడ కూడా అచ్చు వేయించారేమో. భార్య పోయాక ఆవిడ పేరు మీద ఇన్ని పుస్తకాలు వేశారంటే ఆయనకి ఎంత ప్రేమో చూడండి! మీరు బతికున్న భార్యకి ఒక చీర కొనడానికి పండగ దాకా ఆగుతారు.

‘కీర్తిశేషులు అలివేలుమంగగారి వారసులకు’ అని ఆ ఆహ్వానం నా చేత్తోనే రాసి రాజుగారి చిరునామాకి పోస్టు చేశాను. సభ పదహారో తారీకున. భయంగానూ ఉంది, సంతోషంగానూ ఉంది.

మీ
కళ

మద్రాసు
16 ఆగస్టు 1998

ప్రియమైన కళకి,

నువ్వు చేసిన పని ఏమైనా బాగుందా? ఆదివారం కదా అని గదిలో ఉంటే, ఇంటాయనకి ఫోను చేసి నన్ను పిలిపించి, “ఏవండీ, ఆవిడ బతికే ఉందండీ! కారు దిగుతోంది!” అని పెట్టేశావు. లైబ్రరీకి చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. పొద్దున్నించీ నాకు ముద్ద దిగలేదు.

కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. ‘స్మారక’ని లెక్కలోకి తీసుకోవద్దన్నది నేనే. పొడుగు పేరు ఖాయం చెయ్యమన్నదీ నేనే. ఎవరో పోయినావిడ పేరున ఉన్న గ్రంథమాలనీ, బతికున్నావిడ గ్రంథమాలనీ కలిపి పారేశాను. ఆవిడకి నా తరఫున కాళ్ళు పట్టుకుని క్షమాపణ చెప్పు. సంఘం వాళ్ళు ఏమన్నా నువ్వు బాధపడకు, తప్పు నాది. ఇక్కడే ఉండిపోతానని ఇంటాయనని బతిమాలుకుంటాను. ఇంకో ఏడాది ఓర్చుకోగలమా కళా? నాకైతే మనసొప్పడం లేదు.

నీ
భాస్కర్

రాజమండ్రి
18 ఆగస్టు 1998

ప్రియాతిప్రియమైన శ్రీవారికి,

ముందు అన్నం తినండి. తరవాత చదవండి.

సభ రోజు పొద్దున్న నేను గుమ్మంలో ముగ్గు వేస్తుంటే కారు ఆగింది. మనవడు శ్రీనివాసరాజు చెయ్యి పట్టుకుని ఒక పెద్దావిడ దిగుతోంది. చేతిలో నా ఆహ్వానం! పేరు అడిగితే మనవడు చెప్పాడు. ముగ్గు అక్కడే వదిలేశాను. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి పరిగెత్తి మీకు ఫోను చేశాను, ఇంతలో లైను కట్టయిపోయింది.

వెనక్కి వచ్చేసరికి ఆవిడ ముందు వరసలో కూర్చుని ఉన్నారు. “నా వారసుల్ని పిలిచారటగా అమ్మా. వాళ్ళకి చేపల చెరువుల పనితో తీరిక లేదు, నేనే వచ్చాను” అన్నారు. ఆహ్వానం చదివి రాజుగారు పడీ పడీ నవ్వారట. “నువ్వెళ్ళి నీ సంతాప సభ చూసిరా” అని కారు కట్టించి మరీ పంపారట!

నేను ఆవిడ కాళ్ళ మీద పడ్డాను. జగన్నాథరావుగారి మొహం మాత్రం కందగడ్డలా అయిపోయింది. “ఆపెయ్యమ్మా దాన్ని. ఇంత పరువు తక్కువ పని మన కార్డులు ఎన్నడూ చెయ్యలేదు” అన్నారు. మన కాపురం కళ్ళ ముందే కూలిపోయినట్టనిపించి నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడావిడ, “ఆపుతారేంటండీ? ముందు నన్ను బతికించమనండి” అన్నారు.

వచ్చినవాళ్ళంతా చుట్టూ మూగారు. మీరు పెట్టిన వరసలోంచి ‘స్మారక’ తీసేసి మళ్ళీ నడిపించాను. అది తిరుగుతున్నంతసేపూ ఆవిడ కబుర్లు చెబుతూనే ఉన్నారు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఊళ్ళో చదవడానికి పుస్తకాల్లేవని ఆవిడ అలిగితే, రాజుగారు గ్రంథమాలే పెట్టేశారట! ప్రూఫులన్నీ ఆవిడే దిద్దేవారట.

ఇంతలో తెర మీద రెండు పేర్లు పడ్డాయి. ఒకటి ‘అలివేలుమంగ గ్రంథమాల’, భీమవరం వైపుది. రెండోది ‘అలివేలుమంగ స్మారక గ్రంథమాల’, ద్రాక్షారామంది. పుస్తకం మీది పేరు చెరపలేదు కనక ఎవరి పుస్తకాలు వాళ్ళ కిందికి వెళ్ళిపోయాయి. ఆవిడ తన పుస్తకాల పేర్లు ఒక్కొక్కటీ పైకి చదువుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు.

జగన్నాథరావుగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. “ఒక్క మాట తీస్తే ఇన్ని పుస్తకాలకీ పేరు మారిపోయిందా?” అన్నారు. కార్డులైతే ఒక్కొక్కటీ బయటికి తీసి దిద్దాలండి అన్నాను. ఆయన లేచి వెళ్ళి కార్డుల బీరువాలు ఎన్నున్నాయో లెక్కపెట్టి వచ్చారు.

ఆవిడ అడిగారు, “ఇంతకీ ఇది రాసినబ్బాయి ఎక్కడమ్మా?”

“మా వారేనండి. మద్రాసులో ఉంటారు.”

“మరి నువ్వు?”

“ఇక్కడేనండి.”

“బాగానే ఉంది! ముక్కూ మొహం తెలీని ఇద్దరు ఆడవాళ్ళని ఒకటి చేసిపారేశాడు. సొంత పెళ్ళాం దగ్గరికి రావడం మాత్రం చేతకాలేదా?”

సభంతా గొల్లుమంది. నేను బీరువా చాటుకి వెళ్ళిపోయాను. నవ్వు ఆపుకోలేక జగన్నాథరావుగారికి కళ్ళజోడు జారిపోయింది. ఆ నవ్వులోనే, “ఒకటో తారీకుకల్లా వచ్చి పని మొదలెట్టమని రాసెయ్యమ్మా” అన్నారు.

అందుకే రాస్తున్నాను. ఇల్లు కూడా చూశాను, గాలి బాగా వస్తుంది. ఈ ఉత్తరానికి జవాబు రాయకండి. సర్కారు ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్టు తీసుకుని వచ్చెయ్యండి.

ఇక మీ దగ్గరే ఉండబోయే
కళ