ఖాళీగా ఉండాల్సిన కుర్చీ

మాస్టారూ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ పేరున కవితల పోటీ పెట్టి సామర్లకోటలో సభ చేశాం. న్యాయనిర్ణేతల్లో నేనొకణ్ణి. వచ్చినవన్నీ రెండేసిసార్లు చదివాను. చదివాక చేతులు కడుక్కోవాలనిపించింది.

ఇంగ్లండు పక్కనున్న చిన్న దేశం వేల్స్ గురించి మీరు క్లాసులో ఎన్నిసార్లు చెప్పారో. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఒక ఏడాది, బొగ్గు గనులు మూతపడి ఊళ్లకు ఊళ్లు పస్తులుంటున్నా జనం కవితల పండగకి వచ్చారు. గెలిచిన కవి కోసం చెక్కించిన కుర్చీ వేదిక మీద ఉంది. న్యాయనిర్ణేతలు మాత్రం ఈ ఏడు అర్హులెవరూ లేరన్నారు. కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. "అదిరా కవిత్వానికిచ్చే మర్యాద" అనేవారు మీరు.

నేనూ మన సాహితీ సంఘం అధ్యక్షుడికి అదే చెప్పాను. ఆయన నవ్వాడు. "కుర్చీ ఖాళీగా ఉంటే ఫొటోలు బాగోవండి. హాలు ఇప్పించిన రొయ్యల చెరువులాయన కూడా ఓ కవిత పంపారు కదండీ. ఆయనకిచ్చేద్దాం."

వేదిక మీద మంచి కుర్చీ ఒక్కటే ఉంది. అందులో దండ వేసిన మీ ఫొటో పెట్టారు. ఆ ఫొటో తీసి కింద, అతిథుల కోసం తెచ్చిన పూతరేకుల పెట్టెల పక్కన గోడకి ఆనించారు. చెరువులాయన కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఎవర్ని చూసినా రోత పుట్టింది మాస్టారూ. కానీ శాలువా కప్పడానికి ఇద్దరు కావాలి కదా. ఒక కొస అధ్యక్షుడు పట్టుకున్నాడు. రెండో కొస నేను పట్టుకున్నాను. ఫొటోలో నవ్వుతూనే ఉన్నాను.